బుగ్గ కండరంలో రక్తనాళాల గడ్డ: సూదిమందు ఎవరికి, ఎప్పుడు, ఎంతవరకు

పళ్ళు బిగించినప్పుడు బుగ్గ మీద ఒక ముద్ద పైకి లేస్తుంది, వదిలేస్తే అణుగుతుంది. ముగ్గు వేయడానికి వంగినా, చెప్పులు తొడుక్కోవడానికి తల దించినా ఆ బుగ్గ నిండుగా ఉబ్బుతుంది. నిలబడితే కాసేపటికి మళ్ళీ మామూలే. ఆ వైపు ఒత్తిగిలి పడుకున్న రోజు పొద్దున్నే ఇంకాస్త ఎక్కువగా కనిపిస్తుంది. ఇలాంటి బుగ్గతో విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఏదో ఒక క్లినిక్ మెట్లెక్కినవాళ్ళకు మొదట వినిపించే మాటలు పన్ను వాపు, గవదబిళ్ళ, లాలాజల గ్రంథిలో రాయి, కొవ్వు గడ్డ. యాంటీబయాటిక్స్ ఒకటి రెండు కోర్సులు అయిపోతాయి. ఒక్కోసారి బాగున్న పన్ను కూడా పోతుంది. వాపు మాత్రం అక్కడే ఉంటుంది.

ఆ వాపు రక్తనాళాల లోపం వల్ల వచ్చిందని చివరికి ఒక స్కానింగ్‌లో తేలుతుంది. ఆ రిపోర్టు చేతికి వచ్చిన రోజు ఇంట్లో అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఆపరేషనా, ఇంజెక్షనా? దానికంటే ముందు తేలాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ గడ్డలో రక్తం మెల్లగా కదులుతోందా, వేగంగా పారుతోందా? సూదిమందు పనికొస్తుందా, ప్రాణం మీదికి తెస్తుందా అన్నది దాదాపు పూర్తిగా ఈ జవాబు మీదే ఆధారపడి ఉంది.

దవడ మూలను పట్టుకుని ఉండే మందపాటి కండరం పేరు మాసెటర్. నమిలేటప్పుడు బుగ్గ వెనక భాగంలో వేళ్ళకు గట్టిగా తగిలేది అదే. కణత దగ్గర టెంపొరాలిస్, దవడ లోపలివైపు టెరిగాయిడ్ కండరాలు దానికి తోడుగా పనిచేస్తాయి. తల, మెడ భాగంలో కండరాల లోపల పుట్టే ఇలాంటి గడ్డలు ఎక్కువగా కనిపించేది మాసెటర్‌లోనే. గర్భంలో ఉన్నప్పుడు సిరలు సరిగా రూపుకట్టవు. గోడల్లోని కండర పొర లోపించి, వదులు సంచుల గుంపుగా మిగిలిపోతాయి. దీన్నే వీనస్ మాల్‌ఫార్మేషన్ అంటారు. పుట్టుకతోనే ఉన్నా, లోతుగా ఉంటే పైన చర్మానికి నీలం రంగు కూడా రాదు, అందుకే పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో బయటపడుతుంది. యుక్తవయసులో, గర్భధారణ సమయంలో పెరుగుతుంది. బుగ్గకు దెబ్బ తగిలాక మొదటిసారి కనిపించిందని చాలామంది చెబుతారు. దెబ్బ వల్ల లోపల రక్తం గడ్డకట్టి వాపు బయటపడి ఉండొచ్చు కానీ, లోపం అంతకుముందు నుంచే ఉంది.

గ్రహణం నాడు తల్లి బయటికి వచ్చిందనో, ఏదో తిందనో నిందించే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలి. సిరల గోడ ఎదుగుదలను నడిపే టీఈకే అనే జన్యువులో మార్పు దీనికి కారణం అవుతుందని ముందు 1996లో కొన్ని కుటుంబాల్లో, తర్వాత 2009లో కుటుంబంలో ఇంకెవరికీ ఈ లోపం లేని రోగుల్లోనూ పరిశోధకులు గుర్తించారు. చాలామందిలో ఆ మార్పు తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు. పిండం ఎదిగేటప్పుడు ఆ కాస్త చోటి కణాల్లో మాత్రమే ఏర్పడేది. తల్లి చేసిన తప్పేమీ ఇందులో లేదు.

పేరు దగ్గర జరిగే గందరగోళం వైద్యాన్ని కూడా దారి తప్పిస్తుంది. రక్తంతో నిండిన ఏ గడ్డనైనా హెమాంజియోమా అని రాసేయడం పాత అలవాటు. 1982లో మల్లికెన్, గ్లొవాకి అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఈ గుంపును రెండుగా విడదీశారు. పుట్టిన కొన్ని వారాలకు కనిపించి, నెలల్లో వేగంగా పెరిగి, తర్వాత ఏళ్ళ మీద తనంతట తానే తగ్గిపోయేది పసిపిల్లల హెమాంజియోమా. తగ్గకుండా మనిషితో పాటే పెరిగేది మాల్‌ఫార్మేషన్. ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న వర్గీకరణకు పునాది అదే. మొదటి రకానికి 2008 నుంచి ప్రొప్రనొలాల్ అనే గుండె మందు అద్భుతంగా పనిచేస్తోంది. రెండో రకానికి అది పనిచేయదు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడి మాసెటర్‌లోని గడ్డకు హెమాంజియోమా అని రాసి, అదే తగ్గిపోతుందని పంపితే ఆ కుటుంబం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

ఇక వేగం సంగతి. ప్రకాశం బ్యారేజీ గేట్ల కింద ఉరికే నీళ్ళు వేరు, కాలువ చివరి పొలంలో నిలిచిన నీళ్ళు వేరు. నిలిచిన నీళ్ళలో మందు వేస్తే ఉన్నచోటే ఉండి పనిచేస్తుంది, గేట్ల కింద వేస్తే క్షణంలో ఎక్కడికో పోతుంది. సిరల లోపాలు, కణజాలంలోని నీరులాంటి ద్రవాన్ని మోసే లింఫు నాళాల లోపాలు మెల్లగా కదిలే రకం. ధమని మధ్యలో సన్న కేశనాళికలు లేకుండా నేరుగా సిరలోకి తెరుచుకునే ఏవీఎం వేగంగా పారే రకం. దానిలోకి మామూలుగా సూది గుచ్చి మందు ఎక్కిస్తే అది గడ్డలో నిలవదు. సిరల గుండా గుండెకు, ఊపిరితిత్తులకు చేరుతుంది.

ఈ తేడా కొంతవరకు చేత్తోనే తెలుస్తుంది. మెల్లటి రకం మెత్తగా ఉంటుంది, నొక్కితే ఖాళీ అయి మళ్ళీ నెమ్మదిగా నిండుతుంది, నాడి కొట్టుకోదు. వేగంగా పారేది వెచ్చగా ఉంటుంది, వేళ్ళ కింద అదురుతుంది, స్టెతస్కోపు పెడితే హోరు వినిపిస్తుంది. కానీ మాసెటర్ లోతుల్లో ఉన్నదాన్ని చేత్తో మాత్రమే తేల్చుకోకూడదు. మొదటి పరీక్ష, రక్తం కదలికను చూపే డాప్లర్ అల్ట్రాసౌండ్. ఇది ఊళ్ళో దాదాపు ప్రతి స్కానింగ్ సెంటర్‌లో ఉంటుంది, ఖర్చు తక్కువ, రేడియేషన్ లేదు. మామూలు స్కాన్ చేసి వదిలేయకుండా, పళ్ళు బిగించి, తల వంచి కూడా చూడమని అడగాలి. తర్వాత కాంట్రాస్ట్‌తో, అంటే నాళాలు స్పష్టంగా కనిపించేలా ఒక ద్రవం ఎక్కించి తీసే ఎమ్మారై. అందులో టీ2 అనే రకం చిత్రాల్లో వీనస్ మాల్‌ఫార్మేషన్ తెల్లగా మెరుస్తుంది. కండరంలో ఎంత మేర పాకిందో, చెవి ముందుండే పరోటిడ్ అనే లాలాజల గ్రంథిలోకి, దవడ లోపలి భాగాల్లోకి వెళ్ళిందో లేదో అక్కడే తెలుస్తుంది. గడ్డలో రక్తం పాతబడి సున్నం చేరితే గుండ్రటి చిన్న రాళ్ళు ఏర్పడతాయి, వాటిని ఫ్లీబోలిత్స్ అంటారు. దవడ మొత్తం కనిపించేలా పంటి డాక్టర్ తీయించే ఓపీజీ ఎక్స్‌రేలో ఇవి కనబడి, లాలాజల గ్రంథి రాళ్ళని పొరబడటం కద్దు. నిజానికి మెత్తటి వాపులో ఒకటికి మించి గుండ్రటి రాళ్ళు కనిపించడం ఈ జబ్బుకు చాలా బలమైన ఆనవాలు.

సూదితో నీరు తీసి చూసే పరీక్షలో ఒట్టి రక్తమే వస్తుంది, దానివల్ల తేలేదేమీ లేదు. అనుమానం ఉన్నచోట ముక్క తీయడానికి తొందరపడకూడదు. ముందు డాప్లర్, తర్వాతే ఆ ఆలోచన.

దవడ ఎముకలో ఏవీఎం ఉన్నవారి విషయం మరీ జాగ్రత్తగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ ప్రమాదం పంటి కుర్చీలోనే ఎదురవుతుంది. కారణం లేకుండా పన్ను కదలడం, చిగురు నుంచి పదేపదే రక్తం కారడం, చెవిలో గుండె చప్పుడులా కొట్టుకోవడం దాని లక్షణాలు. ఆ కదిలే పన్నును మామూలు పన్నే అనుకుని పీకితే ఆగని రక్తస్రావంతో ప్రాణం పోయిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో నమోదయ్యాయి. దీనికి చికిత్స కాలి లేదా చేతి ధమని గుండా సన్నటి గొట్టం పంపి, గడ్డ నడిబొడ్డును మూసే ఎంబొలైజేషన్, అవసరమైతే వెంటనే శస్త్రచికిత్స. మెడలోని పెద్ద ధమనిని కట్టేయడం మాత్రం పనికిరాదు. గడ్డ పక్కనున్న నాళాల నుంచి రక్తం లాక్కుని మళ్ళీ పెరుగుతుంది. పైగా, తర్వాత గొట్టం పంపడానికి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

మెల్లటి రకం అని తేలాకే సూదిమందు మాట. వైద్యంలో దీని పేరు స్క్లెరోథెరపీ. సిర లోపలి పొరను మందుతో దెబ్బతీస్తారు. అక్కడ రక్తం గడ్డకట్టి, గోడలు అతుక్కుని, వారాల మీద అది నారలాంటి కణజాలంగా ముడుచుకుపోతుంది. సోడియం టెట్రాడెసిల్ సల్ఫేట్, పోలిడోకెనాల్ అనేవి సబ్బు తరహా మందులు, కణాల పైపొరను కరిగిస్తాయి. వీటిని రెండు సిరంజిల మధ్య ముందుకూ వెనక్కూ వేగంగా నెట్టి, మందు ఒక పాలు, గాలి నాలుగు పాళ్ళుగా నురగ చేస్తారు. ఈ పద్ధతిని 2000 సంవత్సరంలో ఇటలీకి చెందిన తెస్సారి ప్రచారంలోకి తెచ్చారు. నురగ రక్తాన్ని పక్కకు నెట్టి గోడకు అంటుకుంటుంది కాబట్టి తక్కువ మందుతో ఎక్కువ పని జరుగుతుంది, అల్ట్రాసౌండ్‌లో తెల్లగా కనిపిస్తుంది కూడా. అన్నిటికన్నా ఘాటైనది ఆల్కహాల్. బాగా పనిచేస్తుంది, కానీ చర్మం మాడిపోవడం, నరాలు దెబ్బతినడం, గుండె, ఊపిరితిత్తుల మీద ఒత్తిడి పడటం అన్నీ దానితోనే ఎక్కువ. ముఖానికి దాన్ని వాడటంలో చాలామంది నిపుణులు వెనకాడతారు, అది సబబైన జాగ్రత్తే.

బ్లియోమైసిన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ పేరును ఫోన్‌లో వెతికినవాళ్ళు క్యాన్సర్ మందు అని చూసి హడలిపోతారు. జపాన్‌లో 1960లలో ఒక మట్టి సూక్ష్మజీవి నుంచి వేరుచేసిన మందు ఇది. క్యాన్సర్‌కు వాడేటప్పుడు మొత్తం మోతాదు 400 యూనిట్లు దాటితే ఊపిరితిత్తులు గట్టిపడే ముప్పు బాగా పెరుగుతుంది. గడ్డలోకి ఎక్కించేటప్పుడు ఒక విడతకు సాధారణంగా 15 యూనిట్లు దాటనివ్వరు. దీని గొప్ప సుగుణం ఒకటుంది: మిగతా మందులంత వాపు తేదు. కంటి చుట్టూ, నాలుకలో, గొంతు దగ్గర వాపు అంటే ఊపిరికీ చూపుకూ సంబంధించిన సంగతి కాబట్టి అలాంటిచోట్ల దీనికే మొగ్గు. అయినా ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి, గర్భిణులకు వాడరు. ఇంజెక్షన్ తర్వాత చర్మాన్ని గోకినా, ప్లాస్టర్ అంటించి లాగినా ఆ గీతల వెంట నల్లటి చారలు పడి చాలాకాలం ఉంటాయి. దోమ కుట్టినచోట గోకడం కూడా ఇందులోకే వస్తుందని పిల్లల తల్లులకు ముందే చెప్పాలి.

ఇది క్లినిక్ బల్ల మీద అయిదు నిమిషాల్లో ఇచ్చే ఇంజెక్షన్ కాదు. క్యాథ్‌ల్యాబ్‌లాంటి గదిలో, ఎక్స్‌రే తెర కింద, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్ (స్కాన్ చూస్తూ సూదులు, గొట్టాలతో చికిత్స చేసే డాక్టర్) చేసే పని. పిల్లలకు, లోతైన గడ్డలకు పూర్తి మత్తు ఇస్తారు. అల్ట్రాసౌండ్ చూస్తూ సన్నటి సూదిని గడ్డలోకి పంపుతారు, రక్తం వెనక్కి వస్తే చేరినట్టు. వెంటనే మందు ఎక్కించరు. ముందు కాంట్రాస్ట్ ద్రవం పంపి అది ఎటు పోతోందో చూస్తారు. గడ్డలోనే నిలిచిపోతే పని సులువు. మామూలు సిరల్లోకి త్వరగా జారిపోతుంటే బయటి నుంచి వేలితో ఆ దారిని నొక్కి పెట్టాలి, లేదా మోతాదు తగ్గించాలి, లేదా ఆ రోజుకు ఆపేయాలి. ఆపేసి రోగిని ఇంటికి పంపిన డాక్టర్ పని చేతకాక పంపాడని అనుకోకూడదు. ముఖంలో అది మంచి నిర్ణయం కావచ్చు.

ముఖానికి ఇంత జాగ్రత్త ఎందుకంటే అక్కడి సిరల దారులు అలాంటివి. ముఖ సిర కంటి మూల గుండా, టెరిగాయిడ్ కండరాల చుట్టూ ఉన్న సిరల వల గుండా మెదడు అడుగునున్న కావెర్నస్ సైనస్‌తో కలుస్తుంది. కంటిని కదిపే నరాలు వెళ్ళేది అందులోంచే. మందు అటు జారితే కన్ను, చూపు దెబ్బతినవచ్చు. ఇక మాసెటర్ పైనుంచి ముఖ నరం కొమ్మలు, లాలాజల నాళం సాగుతాయి. నరం దెబ్బతింటే ఆ వైపు పెదవి వంగిపోతుంది. చాలాసార్లు ఇది వారాల్లో, నెలల్లో కోలుకుంటుంది గానీ కొందరిలో మిగిలిపోతుంది. దారి చూడకుండా, తెర లేకుండా, చేతి అంచనాతో బుగ్గలోకి మందు గుచ్చడాన్ని అందుకే ఒప్పుకోకూడదు. కాలి సిరలకు ఇచ్చే ఇంజెక్షనే కదా అని ఎవరైనా అంటే, మందు అదే కావచ్చు గానీ చోటు వేరు.

గడ్డ పెద్దదైతే చికిత్సకు ముందు, రక్తం గడ్డకట్టే తీరును చెప్పే డి-డైమర్, ఫైబ్రినోజెన్ పరీక్షలు చేస్తారు. నిలిచిన రక్తం లోపల్లోపలే గడ్డకడుతూ, గడ్డకట్టే పదార్థాలను వాడేస్తుంటే ముందు రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ తరహా ఇంజెక్షన్లు అవసరం కావచ్చు. మాసెటర్‌లోని చిన్న గడ్డల్లో ఈ ఇబ్బంది అరుదు.

ఇంటికి వచ్చాక మొదటి రెండు మూడు రోజులు బుగ్గ ముందుకన్నా పెద్దదవుతుంది. ఇది తెలియక చికిత్స వికటించిందని భయపడతారు, పక్కింటివాళ్ళు ఆ భయాన్ని ఇంకా పెంచుతారు. వాపు వారం నుంచి రెండు వారాల్లో దిగుతుంది. గడ్డ కొన్నాళ్ళు గట్టిగా తగులుతుంది, అది లోపల ముడుచుకుంటున్న గుర్తు. తల కింద రెండు దిండ్లు, ఐసు కాపడం, డాక్టర్ రాసిన నొప్పి మాత్రలు చాలు. జావ, పెరుగన్నం, మెత్తటి పప్పన్నంతో కొన్నాళ్ళు గడపాలి. సబ్బు తరహా మందులో, ఆల్కహాలో ఎక్కువ మోతాదులో వాడితే మూత్రం టీ రంగులో రావచ్చు, అప్పుడు నీళ్ళు బాగా తాగాలి, ఆసుపత్రికి తెలియజేయాలి. ఊపిరి ఆడకపోవడం, నాలుక ఉబ్బడం, మింగలేకపోవడం, చూపు మసకబారడం, చర్మం నల్లబడి పొక్కడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు.

నమిలే కండరాల్లో గడ్డ ఉన్నవారికి ఇంకో ఇబ్బంది ప్రత్యేకం. కండరం నారలా బిగుసుకుని నోరు తెరుచుకోదు. వాపు దిగడం మొదలవగానే డాక్టర్ చెప్పిన రోజు నుంచి నోరు తెరిచే వ్యాయామం చేయాలి. ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ళ మధ్య పెట్టి, వారం వారం ఒక్కో పుల్ల పెంచుకుంటూ పోవడం మన పంటి ఆసుపత్రుల్లో నేర్పే పద్ధతే. చికిత్స ఎంత బాగా జరిగినా ఈ పని బద్ధకించినవారికి మూడు వేళ్ళు నోట్లో పట్టని స్థితి మిగులుతుంది. డిశ్చార్జి రోజున దీని గురించి ఎక్కువసేపు చెప్పేవారు తక్కువ, అది మారాలి.

ఒక్క విడతతో పోతుందా? చిన్నగా, హద్దులు తెలిసేలా ఉన్న గడ్డ ఒకటి రెండు విడతల్లో చాలావరకు తగ్గవచ్చు. కండరమంతా పాకి, చుట్టుపక్కల భాగాల్లోకి చొచ్చుకుపోయిన దానికి నెల నుంచి రెండు నెలల ఎడంతో ఎన్నో విడతలు కావాలి. ఆ తర్వాత కూడా కొంత మిగులుతుంది. మూసుకున్న నాళాలు ఏళ్ళ తర్వాత మళ్ళీ తెరుచుకోవచ్చు. నొప్పి పోవడం, బుగ్గ కంటికి సమంగా కనిపించడం, దవడ ఎముక వంకరపోకుండా ఆగడం అసలు లక్ష్యాలు. పూర్తిగా నయం చేస్తామని మొదటి రోజే హామీ ఇచ్చే చోట ఆలోచించుకోవాలి.

మన జిల్లాల్లో ఈ చికిత్స వేళను చాలాసార్లు పెళ్ళి నిర్ణయిస్తుంది. సంబంధాలు చూడటం మొదలయ్యేలోపు తీసేయాలని అమ్మాయి తరఫువాళ్ళు పట్టుబడతారు. మూడు నెలల్లో ముహూర్తం పెట్టుకుని, ప్రతి విడతకూ రెండు వారాలు ఉబ్బే బుగ్గతో పరుగు తీయడం ఆ పిల్లను ఎంత టెన్షన్‌లోకి నెడుతుందో పెద్దలు ఆలోచించాలి. గర్భంతో గడ్డ పెరిగే అవకాశం ఉన్నమాట నిజమే, అందుకే ముందే చూపించుకోవడం మంచిది. తొందరలో పెద్ద కోతకు ఒప్పుకుని, గడ్డకు బదులు మచ్చనూ వంగిన పెదవినీ తెచ్చుకోవడం మాత్రం ఎవరికీ మేలు చేయదు. ఆపరేషన్ చెడ్డదని దీనర్థం కాదు. మాసెటర్‌లో ఒకేచోట ఉన్న గడ్డను నరాన్ని కాపాడుతూ పూర్తిగా తీయగలిగితే అదే మంచి దారి కావచ్చు. ముందు సూదిమందుతో కుదించి, తర్వాత తీయడమూ ఉంది. ఏ చికిత్సకూ లొంగనంత విస్తరించినవాటికి సిరోలిమస్ మాత్రలు కొందరిలో నొప్పిని, రక్తస్రావాన్ని తగ్గిస్తున్నాయి.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలోని ఓరల్ సర్జరీ విభాగమైనా, విజయవాడ, గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో (జీజీహెచ్) ఈఎన్‌టీ లేదా ప్లాస్టిక్ సర్జరీ ఓపీ అయినా, మంగళగిరి ఎయిమ్స్ అయినా తొలి అడుగుకు సరిపోతాయి. అక్కడ అడగాల్సింది: ఇది మెల్లటి రకమా, వేగం రకమా? ఇంజెక్షన్ తెర కింద ఎవరు చేస్తారు? ఏ మందు, ఎందుకు అదే? మత్తు డాక్టర్, ఐసీయూ దగ్గర్లో ఉన్నాయా? అక్కడ చేయకపోతే ఎక్కడికి పంపుతారు? డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందో లేదో చేరకముందే పథకం కౌంటర్‌లో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. విడతలు చాలా ఉంటాయి కాబట్టి మొదటి విడతకు దొరికిన డబ్బు చూసి దిగకూడదు.

ఎమ్మారై ఫిల్ముతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోవాలి, ఏ డాక్టర్‌కైనా రిపోర్టు కాగితం కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది. ప్రతి విడత తర్వాత వాడిన మందు పేరు, మోతాదు డిశ్చార్జి సమ్మరీలో రాయించుకుని ఒకే ఫైల్లో ఉంచాలి. బ్లియోమైసిన్ అయితే ఇప్పటిదాకా మొత్తం ఎన్ని యూనిట్లు పడ్డాయో ఆ ఫైలు పైనే కనిపించేలా రాసుకోవాలి. ఏళ్ళ తర్వాత అపెండిక్స్‌కో, కాన్పుకో ఆపరేషన్ థియేటర్‌కు వెళ్ళాల్సి వచ్చినా మత్తు డాక్టర్‌కు ఆ లెక్క చూపించాలి. ఎక్కువ ఆక్సిజన్ ఇవ్వడం బ్లియోమైసిన్ పడిన ఊపిరితిత్తులకు మంచిది కాదు కాబట్టి, ఎంత ఆక్సిజన్ పెట్టాలో వారు దాన్నిబట్టి చూసుకుంటారు. ఆ వైపు జ్ఞానదంతం తీయించుకోవాల్సి వచ్చినా పంటి డాక్టర్ సూది పట్టుకోకముందే అదే ఫైలు ముందు పెట్టాలి.